నాలుగిళ్ళ దూరం పోయిన పెట్టె

మా ఇంట్లో నాకంటే ముందు నా పెట్టె అమెరికాకు బయలుదేరింది. బయలుదేరి నాలుగిళ్ళ అవతల ఆగిపోయింది.

తొంభైల నడుమ సంగతి. ఇంజనీరింగ్ అయిపోయి, అమెరికాలో ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ చదువుకు సీటు వచ్చింది. వీసా ఇంకా రాలేదు. మద్రాసు పోయి, అక్కడి ఆఫీసులో అడిగినదానికి జవాబు చెప్పి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర ఒక్కటి తప్ప మిగతావన్నీ సూర్యాపేటలో అయిపోయాయి. స్వెటర్లు కొన్నారు. అమ్మ మామిడికాయ తొక్కు పెట్టింది. మిర్యాలగూడలో మా మేనమామ తాను పనిచేసే రైస్‌మిల్లు ముందు నా మెడలో దండ వేసి, హమాలీలందరికీ మిఠాయి పంచాడు. 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అని ఇంకొకరిని చూసి నవ్వే జనమే, తమ ఇంటి దాకా వచ్చేసరికి సోమలింగానికి ఉయ్యాల కూడా కొనేస్తారు.

ఇక పంతులుగారి వంతు. నేను విమానం ఎక్కాలనుకున్న రోజులు మూఢంలో పడ్డాయి. మూఢంలో దూరప్రయాణం పనికిరాదు. దానికి ఆయన దగ్గర ఉపాయం ఉంది. మంచి ముహూర్తానికి మనిషి కదలలేకపోతే అతని సామాను కదిలించి, పోవలసిన దిక్కున ఇంకొకరి ఇంట్లో పెట్టవచ్చు. దాన్ని ప్రస్థానం అంటారు. పెట్టె గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తరువాత ఎప్పుడు పోయినా దోషం అంటదు. అయితే అమెరికా ఏ దిక్కున ఉందన్న దగ్గర పంతులుగారు కొంచెం తడబడ్డారు. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎటు పోయినా చేరవచ్చునని నేను పాఠం మొదలుపెట్టాను. "బొంబాయిల గద విమానం ఎక్కేది, బొంబాయి పడమర" అని అమ్మ తేల్చేసింది.

పడమరన నాలుగో ఇల్లు పెద్దమ్మది. మాకు చుట్టం కాదు. వీధి మొత్తం ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. భర్త పోయాక ఒక బర్రెను పెట్టుకొని పాలు పోసుకుంటూ ఒంటరిగా బతికేది. ఇల్లు చిన్నది, నోరు పెద్దది. ముహూర్తానికి పెట్టె మోసుకుంటూ నేను ముందు, కుంకుమ పళ్ళెంతో అమ్మ వెనక బయలుదేరాం. గడపల్లోకి వచ్చి చూడని వాళ్ళు లేరు. ఆ నాలుగిళ్ళు నడుస్తూ నేను ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మిర్యాలగూడలో రైలెక్కి మద్రాసు పోయాను. అంతకుముందే వీసా సంపాదించిన ఒక సీనియర్ నాకు జవాబులు నేర్పి పంపాడు. తిరిగి రాడని అనుమానం వస్తే ఇవ్వరట. ఇక్కడ నీకోసం ఏదో ఎదురుచూస్తోందని నమ్మించాలట. నాకోసం ఎదురుచూసేది ఒక్కటే ఉంది, నాయన ఎరువుల దుకాణం. పదో తరగతి నుంచీ ఆ దుకాణం మెట్లు ఎక్కకుండా తప్పించుకు తిరిగినవాణ్ణి నేను. నాయన చొక్కాలకు పురుగుమందు వాసన పట్టి ఉండేది. నన్ను చూడటానికి హాస్టల్‌కు వస్తే, గేటు దగ్గరే నాలుగు మాటలు మాట్లాడి బస్టాండు దాకా నడిపించి పంపేసేవాణ్ణి. అలాంటివాణ్ణి, అద్దం వెనక కూర్చున్న అధికారి "చదివాక ఏం చేస్తావు?" అని అడగ్గానే "తిరిగి వచ్చి మా నాన్న ఎరువుల దుకాణం చూసుకుంటాను" అని గడగడా అప్పజెప్పాను.

యూరియా అమ్మడానికి ఇంత చదువు ఎందుకని అడిగాడాయన. లెక్కలన్నీ కంప్యూటర్లో పెడతానన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పాస్‌పోర్టు చివరి పేజీలో కాదన్న ముద్ర కొట్టి కిటికీలోంచి ఇవతలికి తోశాడు. నా వెనకవాడు అప్పటికే ముందుకు జరిగాడు.

తిరుగు రైల్లో మిర్యాలగూడ దాకా పోయే ధైర్యం లేకపోయింది. స్టేషన్‌కు మేనమామ వస్తాడు, ఒక్కడే రాడు. గుంటూరులోనే దిగి, బస్సులు మారి, సూర్యాపేటకు ముందు వచ్చే కోదాడలో దిగిపోయాను. అక్కడ మా అక్క ఇల్లుంది. బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్ నుంచి దుకాణానికి ఫోన్ చేశాను. వానలు మొదలైన రోజులు, దుకాణం నిండా రైతులు ఉంటారు. నాయన ఎత్తాడు. "నాయినా, వీసా రాలే. కోదాడల దిగిన" అన్నాను. అటు వెనక రైతుల మాటలు వినబడుతున్నాయి. నాయన "ఆఁ, ఆఁ, మంచిది బిడ్డా, మంచిది. అక్క దగ్గర్నే ఉండు" అని పెట్టేశాడు.

పక్కన ఉన్నవాళ్ళు ఆ "మంచిది" విన్నారు. వచ్చిందా అని ఎవరో అడిగితే ఆయన అవునన్నట్టూ కాదన్నట్టూ తల ఆడించాడట. ఊరికి అంత చాలు. సాయంత్రానికి సూర్యాపేటలో నాకు వీసా వచ్చేసింది. వారం తిరిగేసరికి నేను అమెరికాలో ఉన్నాను.

నిజానికి కోదాడలో అక్క ఇంటి వెనక గదిలో ఉన్నాను. సూర్యాపేట నుంచి విజయవాడ పోయే బస్సులన్నీ ఆ ఊళ్ళో ఆగేవి, దిగినవాళ్ళలో తెలిసిన ముఖం లేకుండా ఉండేది కాదు. అందుకని గడప దాటలేదు. ఎవరైనా తలుపు కొడితే లేచి వెనక దొడ్లోకి పోయేవాణ్ణి. బావ కోదాడ మనిషి, హాస్యం ఎక్కువ. మధ్యాహ్నం నేను పేపరు పట్టుకు కూర్చుంటే, "ఏమోయ్ బావమరిదీ, అమెరికాలో ఇప్పుడు అర్ధరాత్రి కదా, ఇంకా పడుకోలేదా?" అనేవాడు. నవ్వేవాణ్ణి. నవ్వి, చెయ్యి కడుక్కునే నెపంతో దొడ్లోకి పోయి ఏడ్చేవాణ్ణి.

ఒకరోజు బావ, లోపల అసలేం అడిగారని అడిగాడు. చెప్పాను. నాయన దుకాణం చూసుకుంటానని చెప్పినట్టు చెప్పాను గానీ, ఆ మాట నేర్చుకొని పోయిన మాట అని చెప్పలేదు. "మంచి మాటే అన్నావు, ఇందులో సిగ్గుపడేదేముంది?" అన్నాడాయన. నేను తల దించుకున్నాను.

చిక్కంతా పెట్టెతో వచ్చింది. అమెరికా పోయినవాడి పెట్టె పెద్దమ్మ ఇంట్లో ఎట్లా ఉంటుంది? పాలకు వచ్చేవాళ్ళ కంటపడుతుందని అమ్మకు గుబులు పట్టుకుంది. బావ ఏదో పని మీద సూర్యాపేట పోతుంటే, ఆ పెట్టె తీసుకొచ్చి కోదాడలో దాచమని కబురు పెట్టింది. బావ సాయంత్రం ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. పెద్దమ్మ ఇవ్వలేదట. ఆమె అన్నదంతా ఆమె గొంతుతోనే అప్పజెప్పాడు: "పోత అని ఆడు పెట్టిండు. పోకుంటే ఆడే వచ్చి ఎత్తుకపోవాలె. మనిషి ఉండంగ మంది చేతికి ఎందుకియ్యాలె? గిదేమన్న దొంగ సామానా?"

"పోరా, ఎన్ని దినాలుంటవ్ గిట్ల?" అంది అక్క. విసుక్కుంటూ అనలేదు. విసుక్కున్నా బాగుండేది.

మరునాడు మధ్యాహ్నం సూర్యాపేట బస్టాండులో దిగాను. పది అడుగులు వేశానో లేదో మోతె ఊరి రైతు ఒకాయన ఎదురొచ్చాడు. మా దుకాణానికి పాత గిరాకీ, చిన్నప్పటి నుంచీ మామా అని పిలిచేవాణ్ణి. నన్ను చూసి ఆయన ముఖం విప్పారింది.

"ఏం అల్లుడా, అమెరికా నుంచి అప్పుడే వచ్చినవా? గింత జల్దిన సదువు ఖతమైందా?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. లేదు మామా, నేను పోనేలేదు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెయ్యి ఊపి నడిచిపోయాను. ఆయన రోడ్డు మీద నిలబడి వెనకనుంచి చూస్తూనే ఉన్నాడు.

పెద్దమ్మ ఇంట్లో నడిమి గదిలో పెట్టె ఉంది. దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. తొక్కు సీసా మూత వదులై నూనె కారి, కింద గచ్చంతా మరకైంది. ఇల్లంతా తొక్కు ఘాటు. ఇన్ని రోజులు ఆ వాసనలోనే పడుకుంది ఆమె. "ఎవరడిగినా నా బట్టలున్నయ్ అని చెప్పిన" అంది. తరువాత నన్ను కిందికీ మీదికీ చూసింది.

"వీసా ఇయ్యకపోతే ఇయ్యకపాయె. ఎవలింట్లనన్న కన్నం ఏసినవా? మరెందుకురా గట్ల దాసుకున్నవ్? మీ నాయిన ఇన్ని దినాలు ఒక్కడే మందికి మొకం సూపిచ్చుకుంట కూసున్నడు."

ఆ మాట అప్పటిదాకా నాకు తట్టలేదు. నేను దాక్కున్నాను. ఆయనకు దాక్కునే వీలు లేదు. రోజూ పొద్దున్నే దుకాణం తీసి, మీవాడు అక్కడ బాగున్నాడా అని అడిగిన ప్రతివాడికీ తల ఆడించాలి.

పెట్టె ఎత్తుకున్నాను. పెట్టిన రోజుకంటే బరువుగా ఏమీ లేదు, వీధే పొడుగైంది. గడపల్లో వాళ్ళే నిలబడి ఉన్నారు. నేల చూస్తూ నడిచాను. ఇంట్లోకి పోగానే అమ్మ పెట్టె అందుకొని, "పో, దుకాణంల మీ నాయినకు కనబడిరా" అంది.

దుకాణంలో గిరాకీ ఉంది. బస్టాండు దగ్గర కలిసిన మోతె మామ కూడా అక్కడే ఉన్నాడు. నన్ను చూడగానే నాయన వైపు తిరిగి, "ఏంది సేటూ, పిలగాడు గీడనే ఉన్నడు?" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. నాయన లేచి నిలబడ్డాడు.

"వీసా ఇయ్యలే" అన్నాడు నాయన, అందరికీ వినబడేట్టు. "సదివినంక ఏం జేస్తవని అడిగిండట గాడ. మావోడు, మా నాయిన దుకాణం సూసుకుంట అన్నడట. అమెరికాలనే ఉంట అని ఉంటే ఇస్తుండె గావచ్చు. గట్ల అనలే."

మోతె మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మంచిగన్నవ్ అల్లుడా. కన్నందుకు గింతకన్న ఏం గావాలె?" అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ముక్కూ ముఖం తెలియని ఆ అధికారి నా అబద్ధాన్ని నిమిషంలో పట్టుకున్నాడు. నన్ను పెంచిన మనిషి దాన్ని నమ్మాడు. నమ్మి, నలుగురిలో దానితోనే నా పరువు నిలబెట్టాడు.

గిరాకీ పలచబడ్డాక నాయన నన్ను దగ్గరికి పిలిచాడు. "బావ చెప్పిండు. నిజంగనే అన్నవా గట్ల?"

"అన్న నాయినా" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తువ్వాలతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. "నాకెన్నడు చెప్పలే గదరా" అన్నాడు.

అప్పుడే చెప్పవలసింది. చెప్పలేకపోయాను. లోపలి నుంచి ఆయనే ఇంకో కుర్చీ తెచ్చి, గల్లాపెట్టె పక్కన వేసి, అదే తువ్వాలతో దుమ్ము దులిపి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. అంతలో ఆత్మకూరు రైతు ఒకాయన మెట్లెక్కి వచ్చి, డీఏపీ బస్తా ఎంతకిస్తున్నారని నాయనను అడిగాడు.

"మా పిలగాన్ని అడుగు" అన్నాడు నాయన, నా వైపు చెయ్యి చూపించి.

రైతు నా వైపు తిరిగాడు. బస్తా ధర ఎంతో నాకు తెలియదు.