నక్కలకొండ మీద లేని దారి

నక్కలకొండ కింద 2005లో పాతిన బోర్డును నేను ఇప్పటికీ కడుపు మండకుండా చదవలేను. పచ్చరంగు రేకు మీద తెల్లటి అక్షరాలు. ‘సాహస సైకిల్ బాట. ప్రకృతి తానే మలచిన మలుపులు. పొడవు అయిదు కిలోమీటర్లు.’ ప్రకృతి మలచిందట! ఆ మలుపుల్ని మలచింది మా ఊరి పాల పిచ్చయ్య. ఒక డొక్కు సైకిలూ, దాని వెనక కట్టిన తుమ్మకొమ్మా అతని పనిముట్లు. ఇరవై రెండేళ్లు పట్టింది. ప్రకృతికి అంత తీరిక ఎక్కడిది?

నేను ఆ ఊరి బడిపంతుల్ని. పేరు గురునాథం. ఈ కథలో తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకని కోపమంతా పరాయివాళ్ల మీద వెళ్లగక్కి చేతులు దులుపుకునే వీలు నాకు లేదు.

మా ఊరు కొండకు పడమటి వైపు ఉంది. మిర్చీ, పత్తీ, కాస్త పొగాకూ పండుతాయి. పాలకేంద్రం వ్యాను వచ్చి ఆగేది మాత్రం కొండకు తూర్పున, తారు రోడ్డు మీద. ఉదయం ఏడింటికి వస్తుంది, పది నిమిషాలు ఆగుతుంది, వెళ్లిపోతుంది. కొండ చుట్టూ తిరిగి వెళితే పంతొమ్మిది కిలోమీటర్లు. కొండ మీదుగా అయితే అయిదు. 1981లో పిచ్చయ్య పెళ్లయిన కొత్తలో, భార్య పున్నమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్న ఒక్క గేదె పాలతో ఈ పని మొదలుపెట్టాడు. అప్పటికి ఆ కొండమీద ఉన్నది మేకలు నడిచే జాడ. రెండు మూడేళ్లలో ముప్పై ఇళ్ల పాలు అతని సైకిలు మీదే వెళ్లడం మొదలైంది.

అటూ ఇటూ రెండు నిండు క్యాన్లు కట్టుకుని కొండ మెడదాకా సైకిలు తోసుకుంటూ ఎక్కేవాడు. అసలు చిక్కు దిగేటప్పుడు. అంత బరువును బ్రేకులు ఆపలేవు. మొదటి నెలలోనే రబ్బర్లు మాడిపోయి, పాలతో సహా కంపలో పడ్డాడు. మర్నాడు లావుపాటి తుమ్మకొమ్మ ఒకటి కొట్టి, ముళ్లు చెక్కి, తాడుతో క్యారేజీకి కట్టాడు. కొమ్మ నేలను రాసుకుంటూ వెనక ఈడ్చుకొస్తుంటే సైకిలు బుద్ధిగా దిగింది. తిరిగి వచ్చేటప్పుడు కొమ్మను ఖాళీ క్యాన్ల మీద పడేసి తెచ్చుకునేవాడు. రోజూ అదే వరస. కొమ్మ అరిగితే ఇంకో కొమ్మ. ఏళ్లతరబడి అవి నేలను దువ్వీ దువ్వీ బాటను నున్నగా చేశాయి. మలుపుల దగ్గర కొమ్మ బయటివైపుకి ఊగి మట్టిని అంచుకు నెట్టేది. అలా ప్రతి మలుపుకీ బయట ఒక చిన్న గట్టు లేచింది.

కొమ్మతోనే సరిపెట్టలేదు. వాననీరు బాటవెంట పరుగెత్తి కోసెయ్యకుండా, పక్కకు మళ్లిపోయేలా పదకొండు చోట్ల ఏటవాలుగా రాళ్ల వరసలు పాతాడు. ఏటా మృగశిర కార్తె రాకముందే గునపం పట్టుకుని వెళ్లి, కదిలిన రాళ్లు సర్దేవాడు. ఎవరూ చెప్పలేదు. ఎవరూ మెచ్చుకోలేదు. నోరు పెద్దగా మెదపని మనిషి. మాట్లాడితే సైకిలుతోనే మాట్లాడేవాడు, అదీ తిట్లే. చెయిన్ ఊడిన రోజున ఆ తిట్లు మా బడి దాకా వినపడేవి, పిల్లలు లెక్కలు మానేసి నవ్వేవాళ్లు.

1998లో కొండకు సర్వే వచ్చింది. కొండా దాని వెనక అడవీ కలిపి జింకలకూ నెమళ్లకూ రక్షిత ప్రాంతం చేస్తారన్నారు. వచ్చిన అధికారి మంచివాడే. బడి వసారాలో కుర్చీ వేసుకుని, కొండ మీద ఊరికి దారిగానీ అలవాటుగా నడిచే బాటగానీ ఉంటే ఇప్పుడే రాయించుకోండి, తర్వాత ఎవరూ వినరు అని చెప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాడు.

మా ఊళ్లో సర్కారు మనిషి ఏది అడిగినా ముందు ‘లేదు’ అనడం అలవాటు. గేదెలెన్ని అంటే ఉన్నవాటిలో సగం చెబుతారు. బావిలో నీళ్లున్నాయా అంటే లేవంటారు. ఉందంటే పన్నో కేసో మెడకు చుట్టుకుంటుందని భయం. ఊరి పెద్ద వెంకటనారాయణ నన్ను పక్కకు పిలిచాడు.

“దారుందంటే ఎవడేశాడంటారు, తుమ్మలెవడు కొట్టాడంటారు. పిచ్చయ్యగాడి మీద కేసు పడుద్ది. ఏమీ లేదని రాసెయ్యండి మాస్టారూ” అన్నాడు.

నాకు చదువుంది. అధికారి చెప్పింది అర్థమైంది కూడా. అయినా పెద్దాయన మాట కాదనలేక, గుండ్రటి అక్షరాలతో రాశాను. ‘నక్కలకొండ మీద దారి ఏదీ లేదు. అటు ఎవరూ వెళ్లరు.’ కొండకు దగ్గర ఇల్లు పిచ్చయ్యదే కాబట్టి మొదటి వేలిముద్ర అతనిదే కావాలన్నారు. అతను వచ్చి, ఏం రాశారని అడిగాడు. నీ మీద కేసు రాకుండా రాశాం, వెయ్యి అన్నాను. బొటనవేలు పంచెకు తుడుచుకుని శుభ్రంగా వేశాడు. పంతులు రాసిన కాగితం కదా, నమ్మాడు. నా మొహం మీద ఉమ్మెయ్యాల్సింది.

అయిదేళ్లు ఏమీ జరగలేదు. 2003లో కొండ చుట్టూ కందకం తవ్వి, ముళ్లకంచె వేసి, బాట మొదట్లో గేటు పెట్టారు. కాపలా మనిషి సైకిల్ని వెనక్కి తిప్పేశాడు. పిచ్చయ్య పాలక్యాన్లతో చుట్టుదారి పట్టాడు. ఆ రోడ్డు మీద చీమకుర్తి క్వారీ లారీలు రాళ్లు మోసుకుంటూ పోతుంటాయి, సైకిల్ని మనిషిగా చూడవు. చీకటితోనే బయల్దేరినా వ్యాను అందేది కాదు. అందిన రోజున, ఎండాకాలమైతే, పాలు విరిగిపోయేవి. కేంద్రంవాళ్లు వెనక్కి పంపితే రోడ్డు పక్క గుంటలో పోసి వచ్చేవాడు. నెల తిరక్కుండా ముప్పై ఇళ్లూ పాలు పొయ్యడం మానేశాయి. ఎవరు ముందు మానేశారో చెప్పనా? వెంకటనారాయణ. మోటారు సైకిలు మీద వచ్చే ఇంకొకణ్ణి మాట్లాడుకున్నాడు. కేసు పడుద్దని అంతగా జాలిపడ్డ పెద్దమనిషి!

పున్నమ్మ నా దగ్గరకు వచ్చి అర్జీ రాయమంది. రాశాను. పిచ్చయ్యను వెంటబెట్టుకుని ఒంగోలు అటవీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ కొత్త అధికారిణి ఫైలు తెప్పించి, మా ఊరి కాగితం తీసి పైకి చదివింది. దారి ఏదీ లేదు, అటు ఎవరూ వెళ్లరు. కింద వేలిముద్రలు. మీరే రాసిచ్చారు, ఇప్పుడు ఉందంటే ఎలా ఒప్పుకోమంటారని అడిగింది. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ కాగితంలో ఏముందో పిచ్చయ్య వినడం అదే మొదలు. కాగితం వైపు వేలు చూపించాడు.

“ఆ రాత మీదేనా మాస్టారూ?”

నాదేనన్నాను. అతను తిట్టినా బాగుండేది. తిరిగొచ్చే బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాడు.

రెండేళ్లకు అదే గేటు తెరిచారు. పట్నంలో కొందరు సైకిలు క్లబ్బు పెట్టుకుని, ఆదివారాల్లో కొండ దిగే పందేలకు అనుమతి తెచ్చుకున్నారు. అడవికి హాని లేని సరదా అని వాళ్ల వాదన. ఉన్న దారినే వాడుకుంటాం, కొత్తగా చెట్లు కొట్టం అని కాగితం కూడా ఇచ్చారట. ఉన్న దారి! వాళ్లు చెబితే దారి ఉంది, మేం బతకడానికి నడిస్తే లేదు. ఆ బోర్డు అప్పుడే లేచింది.

ప్రారంభం రోజున పిచ్చయ్య తన సైకిలు తుడుచుకుని, కొమ్మ కట్టుకుని వచ్చాడు. ఒక్కసారి దిగనివ్వమని అడిగాడు. లావు టైర్ల సైకిళ్లమీద, తలకు టోపీలూ మోకాళ్లకు చిప్పలూ కట్టుకున్నవాళ్ల మధ్య మాసిన పంచెతో నిలబడ్డాడు. క్లబ్బు నడిపే సాయికౌశిక్ మర్యాదగానే దగ్గరకొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, కంపెనీలో పెద్ద ఉద్యోగం.

“వద్దు పెద్దాయనా, ఈ డౌన్ చాలా డేంజరండీ. ఎక్స్‌పీరియన్స్ ఉండాలి” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. గట్టిగా అరిచాను కూడా. ఇరవై రెండేళ్లు రోజూ దిగిన మనిషయ్యా అన్నాను. ఎవరో నవ్వారు. పిచ్చయ్య నా చెయ్యి పట్టుకుని పక్కకు తెచ్చాడు, సైకిలు తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయాడు. కొమ్మ విప్పి చూరుకు వేలాడదీశాడు.

పిచ్చయ్య పాతిన రాళ్ల వరసలు పందెంవాళ్లకు అడ్డం తగిలాయి. చక్రాలు ఎగిరిపడుతున్నాయని పదకొండు వరసలూ పీకించి, ఒకచోట కుప్పపోసి, దానిమీదనుంచి గెంతడానికి దిమ్మ కట్టారు. 2006 తుపాను వానలకు నీళ్లు తిన్నగా బాటమీద పడి పారాయి. మోకాలిలోతు గాడి పడింది. మలుపుల గట్లు కొట్టుకుపోయాయి. సంక్రాంతి దాటాక పెద్ద పందెం పెట్టుకున్నారు, బయటి రాష్ట్రాలవాళ్లు కూడా వస్తున్నారు.

సాయికౌశిక్ ఊళ్లోకి వచ్చాడు. ఇన్నేళ్లు చెడని బాట ఒక్క వానకు ఎందుకు పోయింది, అంతకుముందు ఎవరైనా బాగుచేసేవారా అని అడిగాడు. వెంకటనారాయణ ఛాతీ విరుచుకుని, మా పిచ్చయ్యగాడేనండీ అని గర్వంగా చెప్పి నా వెంట పంపాడు.

పిచ్చయ్య అరుగు మీద కూర్చుని పలుపు పేనుతున్నాడు. సాయికౌశిక్ ఈసారి చెప్పులు విడిచి నిలబడి మాట్లాడాడు. దారి ఎలా నిలబెట్టారో చూపించండి, మీరు చెప్పినట్టే చేయిస్తాం, బోర్డు మీద మీ పేరు రాయిస్తాం అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎగతాళి లేదు. నాకు ఆశ పుట్టింది. ఇంతకాలానికి నా తప్పు దిద్దుకునే సందు దొరికిందనుకున్నాను. పిచ్చయ్య సైకిల్ని రోజూ పాలతో వదులుతారా అని అడిగాను.

“అది కుదరదండీ, రూల్స్ ఒప్పుకోవు. పనికి నడిచి రావచ్చు” అన్నాడు సాయికౌశిక్.

పిచ్చయ్య పలుపు పేనడం ఆపలేదు. అతని తల మీద, చూరులో, అరిగి నున్నబడ్డ తుమ్మకొమ్మ వేలాడుతూనే ఉంది.

“ఏ దారి బాబూ?” అన్నాడు. “నక్కలకొండ మీద దారి ఏదీ లేదు. అటు ఎవరూ వెళ్లరు.”

అక్షరం పొల్లుపోలేదు. చదువురాని మనిషి, ఎప్పుడో ఆఫీసులో ఒక్కసారి విన్న మాటలు.

“కావాలంటే మాస్టారుగార్ని అడుగు. రాసింది ఆయనే. నేను వేలిముద్ర వేశాను.”

సాయికౌశిక్ నా వైపు తిరిగాడు. నిజమేనా అని అడిగాడు. పిచ్చయ్య చేతిలో పలుపు ఆగింది. ఆ బస్సు దిగాక అతను నా మొహంలోకి చూడడం అదే మొదటిసారి.

నిజమేనన్నాను.