రెండోసారి అడగని అన్నం

ఉదయం ఏడింటికి కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో లైట్ రైలెక్కాను. కార్డు ప్లాట్‌ఫారం మీదున్న మెషీన్‌కే తాకించాలి, దిగాక మళ్ళీ తాకించాలి. మా అల్లుడు ఈ మాట మూడుసార్లు చెప్పి గానీ వెళ్ళలేదు. ఊళ్ళోకి అరగంట. అక్కడ ఎనిమిదింటికి సిడ్నీ బస్సు. టికెట్టు ముందుగా కొంటే చవక. కుడివైపు కిటికీ దొరికితే పెద్ద సరస్సు కనిపిస్తుంది. నేను వెళ్ళిన రోజు అందులో నీళ్ళకన్నా గడ్డే ఎక్కువ, గొర్రెలు మేస్తున్నాయి.

నేను బయల్దేరింది మా చెల్లెలి కూతురు మౌనిక కోసం. యాభై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే. ఇప్పుడు సిడ్నీలో చదువుకుంటూ, ఒక జపాన్ భోజనశాలలో వడ్డనకు చేరింది. ఆ రోజుతో ఆమె ట్రయల్ అయిపోతుంది. ఉంచుకుంటారో పంపేస్తారో సాయంత్రంలోపు తేలుతుంది.

నిజానికి వారం ముందే తేలాల్సింది. అక్కడ అన్నం రెండోసారి ఊరికే పెడతారు, కానీ కావాలా అని వడ్డించేవాళ్ళు ఒక్కసారే అడగాలి. ఒక జపాన్ పెద్దాయన చాలన్నా మన పిల్ల వినలేదు. మనింట్లోలాగే మొహమాటపడుతున్నాడనుకుని గిన్నె నిండా పెట్టేసింది. పెట్టింది వదిలేయడం తప్పనుకుని ఆయన ఆయాసపడుతూ తిన్నాడట. మేనేజరమ్మ చూసి, ఇంకో వారం చూస్తానంది.

"పెద్దమ్మా, రేపు నువ్వు కస్టమర్‌వి. నన్ను చూసి నవ్వకు, ప్లీజ్," అని ముందురోజే ఫోన్‌లో చెప్పింది మౌనిక.

పదకొండున్నరకు సెంట్రల్ స్టేషన్‌లో దిగి, పది నిమిషాలు నడిచాను. తలుపు తీయగానే అందరూ ఒక్క గొంతుతో జపాన్ భాషలో రమ్మన్నారు. వంట దగ్గర ఒక నేపాల్ అతను, గిన్నెల దగ్గర ఇండోనేషియా అమ్మాయి, మధ్యలో మా మౌనిక. జపాన్ మనిషి మేనేజరమ్మ ఒక్కతే.

కాల్చిన చేప, పులుసులాంటి సూపు, చిన్న గిన్నెలో అన్నం తెచ్చి, మౌనిక రెండు చేతులతో నా ముందు పెట్టింది. తెల్లవారుజామున తాగిన టీ తప్ప నా కడుపులో ఏమీ లేదు. గిన్నె ఇట్టే ఖాళీ అయింది.

ఆమె వచ్చి, ఇంకొంచెం అన్నం కావాలా అని ఇంగ్లీషులో అడిగింది. వెనకే మేనేజరమ్మ నిలబడి ఉంది.

"చాల్లే అమ్మా," అన్నాను. మొదటిసారికే పెట్టమనడం నాకు చేతకాదు.

ఇక్కడ రెండోసారి అడగరని అన్నాక గుర్తొచ్చింది. మౌనిక నా మొహం చూసింది, గిన్నె చూసింది. పెదవులు కదిలాయి. వంగి నమస్కరించి వెళ్ళిపోయింది. ఆకలితో లేచినా, ఆ పిల్ల తప్పు చేయనందుకు నా గుండె కుదుటపడింది.

రెండున్నరకు బస్టాండులో కూర్చున్నాను. మౌనిక ఏప్రాన్‌తోనే పరుగెత్తుకొచ్చింది.

"ఉంచుకున్నారు పెద్దమ్మా," అంటూ నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. కాసేపటికి చేతిలో ఒక పొట్లం పెట్టింది. "ఇది మేనేజర్ చేసింది. మీ ఆంటీ ఖాళీ గిన్నెకేసి ఎందుకలా చూసింది అని అడిగింది. మావాళ్ళు ఫస్ట్ టైమ్ వద్దనే అంటారని చెప్పా. అయితే రెండోసారి గుమ్మం బయట అడుగు అంది."

మూడింటి బస్సులో పొట్లం విప్పాను. రెండు అన్నం ముద్దలు, చుట్టూ నల్లటి సముద్రపు నాచు, లోపల పుల్లగా ఊరవేసిన పండు. మా ఉసిరికాయ పచ్చడి గుర్తొచ్చింది. తిరుగు ప్రయాణంలో సరస్సు ఎడమవైపు వచ్చింది. ఎంత దూరం వచ్చినా కడుపు నిండేది మన ఆకలి కనిపెట్టిన మనిషి దగ్గరే.

పక్క సీట్లో కాన్‌బెర్రాలో చదివే గుంటూరు అమ్మాయి. రెండో ముద్ద ఆమె ముందుంచాను.

"వద్దు ఆంటీ, ఐయామ్ ఫుల్," అంది, ముద్ద మీంచి చూపు తిప్పకుండా.

నేను రెండోసారి అడిగాను.