అద్దంకి దారిలో పండుటాకుల కోసం

ఆకు పండేటప్పుడు దాని పచ్చదనం ఊరికే మాయమైపోదు. విరిగి, రంగులేని వేరే పదార్థాలుగా మారుతుంది. ఒకప్పుడు చెత్త కింద కొట్టిపారేసిన ఆ పదార్థాలకే కణాలను కాపాడే గుణం ఉందని, రేపు మందుకు పనికిరావచ్చని 2009 నాటికి ల్యాబుల్లో చెప్పుకునేవాళ్లు. నా పరిశోధన పత్తి ఆకు మీద. పురుగుమందు తగలకుండా చెట్టు మీదే పండిన ఆకు కావాలి. ఆ ఫిబ్రవరిలో దొరక్కపోతే మళ్లీ ఏడాది ఆగాలి. నా ఫెలోషిప్ మాత్రం మార్చితో సరి.

గుంటూరులో ఆరింటి బస్సెక్కితే చిలకలూరిపేట మీదుగా తొమ్మిదికల్లా అద్దంకి చేరాను. ఒళ్లో ఐసు నింపిన థర్మాకోల్ డబ్బా. అక్కణ్ణుంచి ఆకులు ఇస్తానన్న రైతు ఊరికి ఆటో. యాభై అడిగి నలభైకి దిగాడు. దారి పొడవునా కళ్లాల్లో మిరపకాయలే. తుమ్ములు ఆగితే ఒట్టు! "మన వైపు కాదాండీ?" అని డ్రైవర్ నవ్వాడు. గుంటూరులో పుట్టి పెరిగిన దాన్నని చెప్పబోయి మళ్లీ తుమ్మాను.

మా స్నేహితురాలి బంధువు, రైతు మస్తాన్ గారు నా కోసం రెండు సాళ్ల పత్తి మందు కొట్టకుండా ఉంచారు. మిగతా చేలో చివరి తీత కాగానే గొర్రెల మంద కట్టించారు, ఒక్క ఆకు మిగల్లేదు. నా రెండు సాళ్లలో వెతికినా ఒక్క పండాకు లేదు. అన్నీ పచ్చగా నవనవలాడుతున్నాయి.

"ఏం చేశారండీ?"

"పురుగుమందు కొట్టలేదమ్మా, ఒట్టు! కాస్త యూరియా వేసి నీళ్లు పెట్టా."

"పండాకులు కావాలని చెప్పాను కదండీ!"

"మొహమాటానికి అన్నావనుకున్నా తల్లీ. ఆడబిడ్డ ఇంటికొచ్చి పండాకులు చాలంటే, అయ్యే పెడతామా?"

కోపం ముంచుకొచ్చింది, ఏడుపు కూడా. నా ముఖం చూసి ఆయన కాసేపు తల గోక్కుని, "రామ్మా" అంటూ పూజారి గారింటికి తీసుకెళ్లారు. పెరట్లో మనిషెత్తు దాటిన పత్తి చెట్టు. దేవుడి వత్తుల కోసం పెంచుతున్నది కాబట్టి దానికెప్పుడూ మందు కొట్టరట. కింది కొమ్మలన్నీ పసుపుపచ్చ!

"పచ్చాకు జోలికి పోమాకమ్మా. పండినయ్యన్నీ నీయే," అన్నారు పూజారి గారి భార్య.

"ఇది వేరే రకం గదా, పనికొస్తదా?" అని మస్తాన్ గారు భయంగా అడిగారు.

"పనికొస్తుందండీ, నా రికార్డులో రకం పేరు మార్చి రాసుకుంటాను," అన్నాను. డబ్బా నిండేదాకా ఆయనే పట్టుకుని నిలబడ్డారు.

ఆ ఆకులతోనే నా పని గట్టెక్కింది. నేను వెతికిన పదార్థాలు వాటిలో ఉన్నాయి. అవి మందయ్యే రోజుకు ఇంకా చాలా దూరముంది, ఎవరూ ఆకులు మరిగించి తాగకండి. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఏం కావాలో చెప్పండి, అది మొహమాటం కాదని కూడా చెప్పండి.

మరుసటేడు అడక్కుండానే మస్తాన్ గారి ఫోన్ వచ్చింది. "అమ్మా, ఈసారి నీ సాళ్లకు నీళ్లు కూడా పెట్టలేదు. ఒకటే పసుపు. ఊరంతా నన్ను చూసి నవ్వుతున్నారు. తొందరగా రా!"