చూడకుండా సంతకం పెట్టని కౌన్సిలరమ్మ

మొన్న సోమవారం పొద్దున్నే మా పాత ఆఫీసు జవాను ఫోన్ చేశాడు. "మేడం, మన కౌన్సిలరమ్మ పోయింది. తెల్లారంగ గుండెల నొప్పి అన్నదంట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అన్నాడు. రాష్ట్రం వచ్చిన సంబరాల తోరణాలు ఇంకా నాచారం వీధుల్లో వేలాడుతూనే ఉన్నాయి. వాటి కిందుగా నడిచి వెళ్లి ఆమెను ఆఖరిసారి చూసి వచ్చాను. ఆమె గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మహానగరంలో ఉప్పల్ కలవకముందు మాకు సొంత మున్సిపాలిటీ ఉండేది. అందులో నేను జూనియర్ అసిస్టెంటుని. మా ఆయనకు హబ్సిగూడలోని ఒక ప్రయోగశాలలో ఉద్యోగం రావడంతో కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడ్డాం. ఆఫీసులో నా పనుల్లో ఒకటి కాంట్రాక్టుల కమిటీ సమావేశాలకు ఫైళ్లు సిద్ధం చేయడం, అక్కడ జరిగిన చర్చను మినిట్స్ పుస్తకంలో రాయడం. ఏ పని ఎవరికి ఇవ్వాలి, అయిన పని సరిగ్గా అయిందా లేదా అని ఆ కమిటీ చూసేది. ఛైర్మన్, కమిషనర్ కాక కౌన్సిలర్ల తరఫున అందులో ఒకరు ఉండేవారు. ఆ ఒక్కరూ ఈమె.

మహిళలకు రిజర్వ్ అయిన వార్డు నుంచి గెలిచింది. జనగామ వైపు పల్లె నుంచి పెళ్లయ్యాక నాచారం వచ్చి, మందుల సీసాలకు మూతలు తయారుచేసే కంపెనీలో పదకొండేళ్లు పనిచేసింది. బెల్టు మీద కదిలివచ్చే మూతల్లో పగిలినవాటిని ఏరి పక్కన పడేయడం ఆమె పని. చదువు ఏడో తరగతి వరకే. కౌన్సిల్లో ఇంకెవరూ ఆ కుర్చీ అడగలేదు కాబట్టి ఆమెను కమిటీలోకి పంపారు. చూపించిన చోట సంతకం పెడుతుందిలే అనుకున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

మొదటి సమావేశంలో ఫైలు ఆమె ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. ఆమె పెన్ను తీసుకోలేదు.

"గిండ్ల ఏం రాసిన్రు బిడ్డా?"

"వీధి దీపాల పని అమ్మా. అన్నీ ఇంజినీర్లు చూశారు."

"వాళ్లు సూసిన్రు. నేను సూడలే గదా. జర తెలుగుల సదువు."

ఇంగ్లీషు ఫైలు మొత్తం తెలుగులో చెప్పడానికి గంట పట్టింది. టీలు చల్లారిపోయాయి. ఛైర్మన్ గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. అంతా విన్నాక ఆమె సంతకం పెట్టింది, కానీ ఆ సాయంత్రమే ఆటో ఎక్కి ఆ వీధిలో స్తంభాలు ఎన్ని ఉన్నాయో చూసి వచ్చింది. అప్పటి నుంచి సమావేశం ఉన్న ప్రతిరోజూ నేను ఇంటికి ఆలస్యంగానే వెళ్లేదాన్ని. మొదట్లో విసుక్కున్నాను. రానురాను ఆమె అడగబోయే ప్రశ్నలు నాకే ముందుగా తట్టడం మొదలైంది. వాటికి జవాబులు వెతికి పెట్టుకున్న రోజు, ఫైలు ఇవ్వగానే నా మొహం చూసి నవ్వేది.

ఆమె ఎప్పుడూ పొరపాటు పడలేదని చెప్పను. కోపం ఎక్కువ, అనుమానం కూడా ఎక్కువే. ఒక పార్కు ప్రహరీ గోడ మీద అనుమానపడి, ఆ కాంట్రాక్టరును అందరి ముందూ నిలదీసింది. టేపు పెట్టి కొలిపిస్తే గోడ ఉండాల్సినట్టే ఉంది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మేడిపల్లిలో ఆయన ఇంటికి వెళ్లింది. గడపలోనే నిలబడి "తప్పు నాదే అన్నా. నీ పని మంచిగున్నది" అంది. అంతటితో వదల్లేదు. ఆ మాట మినిట్స్‌లో కూడా రాయించింది. "నిన్న తిట్టిన మాట రాసినవ్ గదా, గిదీ రాయి" అంది. ఆ పుస్తకంలో ఒక సభ్యురాలి క్షమాపణ రాయడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

చిల్కానగర్ వైపు పల్లపు వీధుల మురుగు పైపులైను సంగతి ఆ మరుసటి ఏడాది వచ్చింది. పైపులు వేశారు, పైన కొత్తగా సిమెంటు రోడ్డు పోశారు, ఆఖరి బిల్లు కమిటీ ముందుకొచ్చింది. అంతకు వారం ముందే తొలి వాన పడింది. ఆ వీధి చివరింట్లో ఒక ముసలావిడ, కొడుకు చనిపోయాక మనవరాలితో ఉంటోంది. వాన పడిన రోజు మురుగు వెనక్కి తన్ని ఆవిడ వంటింట్లోకి వచ్చింది. ఆవిడ నేరుగా కౌన్సిలరమ్మ ఇంటికి వెళ్లి చెప్పుకుంది.

ఆ పని మీద మేస్త్రీగా ఉన్నది కౌన్సిలరమ్మ సొంత తమ్ముడు. పనిచేస్తున్న ఫ్యాక్టరీ మూతపడి ఏడాది ఖాళీగా తిరిగాక, అప్పుడప్పుడే ఆ పైపుల కాంట్రాక్టరు దగ్గర కుదురుకున్నాడు. సమావేశం రోజు అతను ఆఫీసు వరండాలో ఆమె కోసం నిలబడి ఉన్నాడు. తలుపు పక్కనే నా బల్ల. నాకు అన్నీ వినిపించాయి.

"అక్కా, బిల్లు ఆగితే మా సేటు నన్ను తీసేస్తడు. ఇద్దరు ఆడపిల్లలున్నరు నాకు."

"నాకెరుకనే తమ్మీ. పని మంచిగైందా? ముందుగాల గది జెప్పు."

అతను తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"మాట్లాడవేంది?"

అతను తల వంచుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె లోపలికొచ్చి కూర్చుని మంచినీళ్లు అడిగింది. గ్లాసు పూర్తిగా తాగి, "ఆ రోడ్డు మూడు జాగలల్ల తవ్వి సూడాలె" అంది.

ఛైర్మన్ గారు ఉలిక్కిపడ్డారు. "అక్కా, నిన్నగాక మొన్న పోసిన రోడ్డు. తవ్వినంక అంతా మంచిగుంటే జనం మన మొహాన ఉమ్ముతరు."

"నా మొహాన ఉమ్మనియ్యి. తవ్వుమన్నది నేనేనని పేరు వెట్టి రాయి బిడ్డా. మేస్త్రీ నా తమ్ముడే, గదిగూడ రాయి."

రాశాను. రాసింది చదివి వినిపించమంది. ఆమె స్వరం మామూలుగానే ఉంది.

రెండు రోజుల తర్వాత పదింటికి తవ్వకం మొదలైంది. వీధి వీధంతా అరుగుల మీద నిలబడింది. కాంట్రాక్టరు మనుషులు ఒక పక్క, కమిషనర్ గారు, ఇంజినీరు ఒక పక్క. మొదటి చోట తవ్వారు. పైపు కింద కంకర పరుపు ఉంది, అతుకుకు సిమెంటు ఉంది. రెండో చోట కూడా అంతే. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. కాంట్రాక్టరు నవ్వుతూ, "అమ్మా, గిది సాలదా, ఇంకా తవ్వాల్నా?" అన్నాడు. ఆమె చెంపల మీద చెమట కారుతోంది. మూడో చోటు ఎక్కడని ఇంజినీరు అడిగాడు.

ఆమె గుంపు వెనకాల నిలబడ్డ తమ్ముడి వైపు తిరిగింది.

"తమ్మీ, పైపులేసినోనివి నువ్వు. నువ్వే జెప్పు, యాడ తవ్వాలె?"

అతను కాంట్రాక్టరు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. తర్వాత మెల్లగా గుంపును దాటి వచ్చి, రోడ్డు మీద ఓ ఇరవై అడుగులు నడిచి, ఒక చోట ఆగాడు. "గీడ" అన్నాడు.

అక్కడ తవ్వితే పైపు ఉత్త మట్టి మీద ఉంది. అతుకులకు సిమెంటు లేదు. మట్టి కుంగి పైపు మధ్యలో వంగిపోయి, మురుగు ముందుకు పోకుండా అక్కడే నిలిచి ఉంది. అక్కణ్నుంచి వీధి చివరిదాకా అంతే. "వానలు రాకముందే మూసెయ్యాలన్నరు. వద్దని జెప్పిన, ఇనలే" అన్నాడు తమ్ముడు, ఎవరివైపూ చూడకుండా.

కమిటీ బిల్లు ఆపింది. ఒప్పందం ప్రకారం కాంట్రాక్టరు తన ఖర్చుతోనే ఆ భాగమంతా తీసి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆ శ్రావణమాసం వానల్లో ముసలావిడ వంటిల్లు పొడిగానే ఉంది. తమ్ముడి ఉద్యోగం మాత్రం తవ్విన రోజు సాయంత్రమే పోయింది.

అతనికి మున్సిపాలిటీలోనే ఏదైనా పని చూడమని నేను ఆమెతో అన్నాను. "నేనీ కుర్సీల ఉండంగ వద్దు బిడ్డా" అంది. తమ్ముడు అక్క ఇంటి గడప తొక్కడం మానేశాడు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని పోయేవాడు. ఆఫీసులో ఎవరైనా ఆ పైపులైను సంగతి ఎత్తి ఆమెను మెచ్చుకుంటే మాట మార్చేసేది. ఒక్కసారి మాత్రం, నేనూ ఆమే ఉన్నప్పుడు, "ఆన్ని అందరి ముందట అడిగిన. ఇంట్ల అడగాల్సింది బిడ్డా" అంది. ఇంట్లో అడిగితే అతను చెప్పేవాడా? ఇప్పటికీ నాకు తెలియదు.

తర్వాత ఉప్పల్ నగరంలో కలిసిపోయింది. మున్సిపాలిటీ పోయింది, కమిటీ పోయింది, ఆమె పదవీ పోయింది. కార్పొరేషన్ ఎన్నికలకు ఏ పార్టీ ఆమెకు టికెట్టు ఇవ్వలేదు. నాచారంలో రెండు గదుల ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటూ బతికింది. ఉద్యమం రోజుల్లో ఒకసారి వెళ్తే, "మా వాళ్లంతా వెనక్కి వచ్చేయమంటున్నారమ్మా" అన్నాను. కుట్టుమిషను ఆపి, "యాడికి వోతవు? పని నా దగ్గర నేర్సుకున్నవ్, మా దానివే నువ్వు" అంది. నేను ఎక్కడికీ వెళ్లలేదు.

ఆమె తమ్ముడు కొన్నాళ్లు కూలికి వెళ్లి, తర్వాత సొంతంగా ఇళ్లకు పైపుల పని మొదలుపెట్టాడు. ఆ వీధి వాళ్లే అతన్ని మొదట పిలిచారు. తవ్వకం జరిగి మూడేళ్లయ్యాక, ఒక శివరాత్రికి మేము కీసర గుట్టకు వెళ్లాం. మెట్ల మీద తోపులాటలో మావాళ్ల కోసం వెతుకుతుంటే, పక్కన బండరాయి నీడలో కౌన్సిలరమ్మ కనిపించింది. ఆమె పక్కన తమ్ముడు. ఇద్దరి మధ్యా కొంగు పరిచి ఉంది, దాని మీద ఉడికించిన చిలగడదుంపలు. అతను ఒక్కొక్క దుంప తొక్క తీసి అక్క అరచేతిలో పెడుతున్నాడు. ఆమె తింటోంది.

నన్ను చూసి, "రా బిడ్డా, కూసో" అంది. అప్పుడు, అతన్ని నేను ఎన్నడూ చూడనట్టు, "గీడు మా తమ్ముడు" అని చూపించింది. అతను తల ఎత్తలేదు. ఇంకో దుంప తీసుకుని, వేడికి వేళ్లు ఊదుకుంటూ, నా కోసం తొక్క తీయడం మొదలుపెట్టాడు.