పంది వెంట్రుక

థూ! ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

మా ఊరి బ్రష్షులాయన మొదట్లో బేకరీ పనివాడు. పొయ్యిలోంచి దించిన రొట్టెల మీద బ్రష్షుతో వెన్న పూయడం ఆయన పని. ఒకనాడు ఇంటికి తెచ్చుకున్న రొట్టెలో గరుకు వెంట్రుక ఒకటి పళ్ళకి తగిలింది. బ్రష్షు అమ్మినవాణ్ణి అడిగితే తాపీగా చెప్పాడు.

“పంది వెంట్రుకే. మంచి బ్రష్షులు దాంతోనే చేస్తారు. ఇన్నాళ్ళూ నువ్వడగలేదుగా!”

బ్రష్షులాయన నమాజు తప్పని మనిషి. బిస్మిల్లా అని నోట పెట్టుకున్న ప్రతి ముద్దా కళ్ళముందు కదిలింది. వీధి కాలవ పక్కన కూలబడి, పేగులు నోట్లోకొచ్చేలా కక్కుకున్నాడు.

మూతి తుడుచుకుని లేచాక ఆలోచన తట్టింది. తనలా కక్కుకోవాల్సినవాళ్ళు ఊరినిండా ఉన్నారు, పాపం వాళ్ళకి తెలియదంతే. మేక వెంట్రుకలు శుభ్రంగా కడిగి, చెక్క పిడికి బిగించి, ‘హలాల్’ అని ముద్ర కొట్టాడు. బేకరీలవాళ్ళు ఎగబడ్డారు. ఆయన బ్రష్షంటే కళ్ళు మూసుకుని కొనేవాళ్ళు. ఆయనకున్న ఆస్తల్లా ఆ నమ్మకమే.

వ్యాపారం పెరిగాక సరుకు తెచ్చే పని బావమరిదికి అప్పగించాడు. అక్కడే కొంప మునిగింది.

ఒకరోజు ఎండలో ఆరబెట్టిన కట్టలోంచి ఒక వెంట్రుక లాగి వెలుతురుకి పట్టాడు. కొస చీలి ఉంది. మేకది అలా చీలదు, పందిదే చీలుతుంది.

“ఏంట్రా ఇది?”

“మేకవి మెత్తగా వాలిపోతున్నాయి బావా. గట్టిదనం కోసం కాస్త కలిపా,” అన్నాడు బావమరిది, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. “పిడి మీద ముద్ర ఉందిగా, ఎవడు చూడొచ్చాడు? అయినా సరుకింత చవగ్గా ఎలా వస్తోందని నువ్వెప్పుడైనా అడిగావా?”

సిగ్గూ శరం లేని వెధవ! పొద్దున ఆ నోటితోనే పక్కన నిలబడి నమాజు చేశాడు. పందిని చూసినా ఆయనకి ఇంత రోత పుట్టలేదు. నిజంగా తను అడగలేదన్నది గుర్తొచ్చేసరికి, తన మీద తనకే రోత పుట్టింది.

“గమ్మునుండు బావా. నోరు విప్పావో, రేపట్నుంచి మన గుమ్మం ఎవడూ తొక్కడు.”

వాణ్ణి బయటికి గెంటి, గోనెసంచి భుజాన వేసుకుని, ముందుగా తను పనిచేసిన బేకరీకే వెళ్ళాడు. ముసలి యజమాని టీలో రొట్టె ముంచుకు తింటున్నాడు.

“చాచా, తినకండి. నా బ్రష్షుల్లో పంది వెంట్రుకలు కలిశాయి. తిరిగిచ్చేయండి.”

ముసలాయన చెయ్యి ఆగిపోయింది.

“నీ బ్రష్షులని నమ్మే కొన్నాను కదరా!”

ముసలాయన నోట్లో ఉన్నదంతా బ్రష్షులాయన కాళ్ళ మీదే ఉమ్మేశాడు.

బ్రష్షులాయన కాలు వెనక్కి తీసుకోలేదు. బల్ల మీది బ్రష్షులు ఏరి సంచిలో వేసుకుని, పక్క బేకరీకి నడిచాడు.