రక్తపరీక్షకు బస్కీలు తీసి వచ్చిన మల్లేశ్

2003వ సంవత్సరం. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో నేను నర్సును. గేటు పక్కనే మా మెడికల్ రూం: రెండు మంచాలు, ఒక బీరువా, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరుగారు. మిగతా రోజులు అక్కడ నాదే రాజ్యం. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లను పర్మినెంట్ చేసే ముందు మెడికల్ ఫిట్‌నెస్, అంటే ఆ పనికి ఒళ్లు తట్టుకుంటుందా లేదా అన్నది, మేమే చూసేవాళ్లం.

ఇస్నాపూర్‌లో కిరాయికి ఉండే మల్లేశ్ అలాగే వచ్చాడు. గోడౌన్‌లో డ్రమ్ములు దొర్లించే పని. చొక్కా గుండీలు పట్టనంత ఛాతీ. ఈ మనిషికి ఫిట్‌నెస్ చూడటమేమిటి, ఇతనే నాకు చూడాలి అని లోపల నవ్వుకుంటూ రక్తం తీశాను.

రిపోర్టు చూశాక నవ్వు పోయింది. సీరం క్రియాటినిన్ 1.6. అది కండల్లో పుట్టి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీలు దాన్ని బయటికి పంపాలి. మా ల్యాబ్ లెక్కలో 1.2 దాటితే కిడ్నీల మీద అనుమానమే. "అన్‌ఫిట్ అని ఇప్పుడే రాయకండి, వారం ఆగి మళ్లీ తీద్దాం" అన్నారు డాక్టరుగారు. వారం ఆగి తీస్తే 1.9 వచ్చింది. 

మర్నాడు అతని భార్య రేణుక పిల్లను చంకనేసుకుని వచ్చింది.

"అక్కా, నిజం చెప్పు. మా నాయిన గిట్లనే కిడ్నీలు ఖరాబై పొయ్యిండు. గీ బోరు నీళ్లేనా? పనికాడి వాసనలేనా? నౌకరి పోతె పోనియ్, మనిషి దక్కుతడా?"

ఇంకోసారి పరీక్ష చూసి చెప్తానని పంపించాను. మా దిక్కు ఎవరికి ఏ జబ్బు వచ్చినా ముందు ఫ్యాక్టరీలు పాడుచేసిన నీళ్లనే అంటాం. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. 

డాక్టరుగారు మూడోసారి తీయమన్నప్పుడు మల్లేశ్ పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. టోర్నికే, అంటే సూది గుచ్చే ముందు దండచేతికి బిగించే పట్టీ, నేనింకా చేతిలోకి తీసుకోనే లేదు. అప్పటికే నరాలు ఉబ్బి ఉన్నాయి. బనీను చెమటతో తడిసి ముద్దయింది.

"పొద్దుగాల్నే ఏం చేసినవ్?"

"జిమ్ముకు పొయ్యొచ్చిన సిస్టర్. దండీలు, బస్కీలు, బరువులు."

"రక్తమిచ్చే దినమా?"

"మెడికల్ అంటే తాకత్ సూస్తరు గద! మొన్నటికంటె ఎక్కువనే చేసిన. రాత్రి మటన్ దండిగ తిన్న. పౌడర్ గూడ డబుల్ ఏసుకున్న."

"ఏం పౌడర్?"

"క్రియాటిన్. కండలకు. జిమ్ముల ఇస్తరు."

"రెండుసార్లు తప్పినవ్, మల్ల గిదే పనా?"

"పరీక్షల ఫెయిలైతె ఇంకింత ఎక్కువ సదువుతం గద సిస్టర్!"

ఓరి దేవుడా! సిరంజి ట్రేలో పెట్టేసి పడీపడీ నవ్వాను. అతనేమో నా మొహం చూస్తూ బిత్తరపోయాడు. ఆ చేయి పట్టుకుని అలాగే డాక్టరుగారి ముందు నిలబెట్టి సంగతంతా చెప్పాను.

"ఆ పౌడరు ఒంట్లో విరిగితే పుట్టేది ఈ క్రియాటినినే. మాంసం, కసరత్తు, ఇంత కండ, అన్నీ కలిస్తే కిడ్నీలు బాగున్నా రిపోర్టు ఎక్కువ చూపించొచ్చు" అన్నారాయన. "అలాగని ఊహ మీద ఫిట్ రాయలేను. నెల రోజులు పౌడర్, జిమ్, మటన్ అన్నీ బంద్. మూత్రపరీక్ష, స్కానింగ్ కూడా చేయిద్దాం."

ఆ నెలలో ఒకరోజు రేణుక గేటు దగ్గర ఎదురై, "బియ్యం బస్తా గూడ లేపుతలేడక్కా! డాక్టర్ సాబ్ వద్దన్నడంట!" అని మొర పెట్టుకుంది. నవ్వుతూనే చెప్పింది కానీ, కళ్లలో భయం అలాగే ఉంది.

నెల తిరిగేసరికి 1.1. మూత్రంలో ప్రొటీన్ లేదు, స్కానింగ్‌లో కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. రేణుక నా చేయి పట్టుకుంది.

"మా నాయిన లెక్క కాదన్నట్టే గద అక్కా?"

"కాదే తల్లీ, కాదు" అన్నాను. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ సంతోషం నాకు ఈ రోజుకీ గుర్తే.

మల్లేశ్ మాత్రం, "ఇగ పౌడర్ ఎయ్యొచ్చా సార్?" అన్నాడు.

"ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మోతాదులో వాడితే కిడ్నీలు పాడవుతాయని నేను చదివినంతలో లేదు. బరువులెత్తేవాళ్లకు కొంత బలం ఇస్తుంది. మొదట్లో పెరిగే బరువు చాలావరకు కండల్లో చేరే నీరే. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ముట్టకూడదు. అయినా నీ డబ్బాకు లేబులే లేదు, అందులో ఏం కలిపారో నాకేం తెలుసు?"

"గా డబ్బా నేను మొన్ననే పారేసిన సార్" అంది రేణుక కళ్లు తుడుచుకుంటూ.

మల్లేశ్ పర్మినెంట్ అయ్యాడు. నేనేమో ఆ తర్వాత ఎవరికి సూది గుచ్చినా, ముందు కూర్చోబెట్టి నిన్న ఏం తిన్నారు, పొద్దున ఏం చేశారు, ఏమేం మింగుతున్నారు అని అడగడం మొదలుపెట్టాను. అంకె చూసి భయపడే ముందు మనిషిని అడగాలని నేర్పింది అతనే.

మరుసటి ఏడాది, ఏటా చేసే మెడికల్ రోజున మల్లేశ్ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. వెనకాలే రేణుక, అతని చొక్కా కొసను గట్టిగా పట్టుకుని.

"నేనే పట్టుకొచ్చిన అక్కా" అంది. "తొవ్వల ఉరికితె మల్ల అంకె పెరుగుతదేమోనని."