అడగకుండా ఇచ్చిన గోతాలు

దర్శి బస్టాండు ఎదుట సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న మాలిక్ మెత్తని మనిషి. కొత్త ఫోను చేతికిస్తే ముందు చొక్కా అంచుతో అద్దం తుడుస్తాడు. ఆనక వక్కపలుకు ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చుకుంటూ, ఏ కంపెనీ ఫోనైనా సరే, అందులో ఇంకో కంపెనీవాళ్ళ బ్రౌజరు ఎక్కిస్తాడు. ఇంటర్నెట్లో ఏది చూడాలన్నా అదే తెరుచుకునేలా చేస్తాడు. ఎవర్నీ అడగడు. ఆ బ్రౌజరు కంపెనీ మనిషి కానుకగా తెచ్చిచ్చిన గోడగడియారం అతని తల వెనకే వేలాడుతుంటుంది.

మిరపకాయల ధరలు చూసుకోవడానికి ఫోను కొన్న మౌలాబీ మాత్రం ఊరుకోలేదు. "ఏందయ్యా మాలిక్, ఆ కంపెనీవాళ్ళు పోటీవాళ్ళ ఫోన్లోకొచ్చి మరీ ఈ బ్రౌజరు ఊరికే ఎందుకిస్తారు?"

మాలిక్ నవ్వాడు. "గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టాయన వేరే కొట్లకు పోయే రైతులక్కూడా గోతాలు ఊరికే ఎందుకు పంచుతాడు పిన్నీ?"

"కాయలు తన కొట్లోనే దిగాలని."

"ఇదీ అంతే. నువ్వేం వెతికినా వాళ్ళ గుమ్మంలోంచే పోవాలని."

"ఆ గోతాలు పుచ్చుకున్న మొహమాటానికి నిరుడు పక్క కొట్లో మంచి ధరున్నా దింపలేకపోయాను నాయనా. అయినా ఆయన, కావాలా అని అడిగే ఇచ్చాడు" అని మౌలాబీ ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

మాలిక్ మొహం వేడెక్కింది. తర్వాత వచ్చిన ముసలాయనతో, కొట్టు పెట్టాక మొదటిసారి, "తాతా, రెండు బ్రౌజర్లున్నాయి, ఏది పెట్టమంటావు?" అన్నాడు.

"నాకేం తెలుసురా? నువ్వు మనోడివి. నీకు మంచిదనిపించింది పెట్టు" అంటూ ఆయన ఫోను అతని అరచేతిలో పెట్టాడు. మాలిక్ తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాడు.